తొలి తూటా

పోయినవారం ఎలియాస్‌ను రోటోటూనాలోని అతని గ్యారేజ్‌లో, చేతిలో కిరసనాయిలు గుడ్డతో నిలబెట్టి వచ్చేశాం. పాపం, మనిషి ఇంకా అలాగే ఉన్నాడు.

మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ఎలియాస్ ఒకప్పుడు కోస్తాలో ఒక జిల్లా సాయుధ పోలీసు దళంలో ఆర్మరర్, అంటే తుపాకులు బాగుచేసే మనిషి. భార్య విమలకుమారికి హామిల్టన్‌లో నర్సు ఉద్యోగం దొరికితే నాలుగేళ్ళ కిందట ఆవిడ వెంట న్యూజిలాండ్ వచ్చాడు. వారమంతా పాలపొడి ఫ్యాక్టరీలో సంచులు కుట్టి, సెలవు రోజుల్లో ఊరవతలి రైఫిల్ క్లబ్బువాళ్ళ పాత తుపాకులకు వైద్యం చేస్తుంటాడు. ఉగాది ఫంక్షన్‌లో పరిచయమైన రోహిత్ అనే సాఫ్ట్‌వేర్ కుర్రాడు, ఏదో పశువుల ఫారం వేలంలో దొరికిందంటూ తుప్పుపట్టిన త్రీ నాట్ త్రీ రైఫిల్ ఒకటి తెచ్చి అతనికి అప్పగించాడు. యుద్ధాల్లో పోయిన సైనికులను ఇక్కడివాళ్ళు తలుచుకునే ఆన్జాక్ డేకి ముందు శనివారం క్లబ్బులో పాత యుద్ధపు తుపాకులతో షూటింగ్ ఉంది, ఆ రోజుకు ఇది పేలాలన్నాడు.

ఎలియాస్ సంబరంగా పనిలోకి దిగాడు. కర్ర మీది వార్నిష్ గీకి అవిసె నూనె పట్టించాడు. బారెల్‌లో ఏళ్ళ తరబడి పేరుకున్న మురికి తీశాడు. చేత్తో పట్టుకునేచోట, తుపాకీ మెడ మీద కిరీటం ముద్ర, దాని కింద 1917, ఓ పక్కన ఎన్, జెడ్ అక్షరాల మధ్య బాణం గుర్తు బయటపడ్డాయి. మొదటి యుద్ధం నాటి తుపాకీ, ఈ దేశపు సైన్యం వాడింది. అంతవరకూ పండగే. గురువారం పొద్దుటి షిఫ్టు దిగి వచ్చి, మధ్యాహ్నం బోల్టు పిడి మీద మందంగా ఉన్న నల్ల పెయింటు తుడిచేసరికి కింద నంబరు కనబడింది. రైఫిల్ మీది నంబరు 4471. బోల్టు మీది నంబరు 9026.

అక్కడే కదా ఆగాం. తెలియనివాళ్ళకు ఇందులో గుండె ఆగాల్సినంత ఏముందనిపిస్తుంది. బోల్టు అంటే తూటా వెనక ఉండే తలుపు. ఏ రైఫిల్‌కు ఆ బోల్టును అరగదీసి సరిపెడతారు, అందుకే రెండింటి మీదా ఒకే నంబరు కొడతారు. వేరేదాని బోల్టు పెట్టినా తలుపు పడుతుంది, గడియ పడుతుంది, పైకి అంతా బాగానే ఉంటుంది. లోపల మాత్రం వెంట్రుకంత సందు మిగిలిపోవచ్చు. పేల్చినప్పుడు ఆ సందులో తూటా చీలిందంటే మంట ముందుకు పోదు, వెనక్కి, కాల్చేవాడి కంటి మీదికి వస్తుంది.

ఎలియాస్ పెట్టెలోంచి గేజి తీశాడు. చిన్న ఉక్కు బిళ్ళ అది. దాన్ని తూటా ఉండేచోట పెడితే బోల్టు మూతపడకూడదు. పడిందంటే ఆ తుపాకీని గోడకు తగిలించుకోవాలి తప్ప కాల్చకూడదు. పిడి పట్టుకుని కిందికి నొక్కాడు. వెన్నలో వేలు దిగినట్టు దిగిపోయింది.

"ఏమైంది అంకుల్, అలా ఉన్నారు?"

గ్యారేజ్ తలుపు దగ్గర రోహిత్ నిలబడి ఉన్నాడు. ఆఫీసు నుంచి సరాసరి వచ్చినట్టున్నాడు, మెడలో ఐడీ కార్డు కూడా తీయలేదు.

"ఇది కాల్చడానికి పనికిరాదు బాబూ," అన్నాడు ఎలియాస్, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ. "బోల్టు దీనిది కాదు. వేరే రైఫిల్‌ది తెచ్చి ఎవరో పెట్టేశారు. నువ్వు శనివారం సంగతి మర్చిపో."

"అంత డేంజరా?"

"డేంజరంటే ఎప్పుడో ఒకప్పుడు. పది తూటాలు బాగానే పోవచ్చు. పదకొండోది మొహం మీద పేలొచ్చు. మొదటిదే పేలొచ్చు."

రోహిత్ లోపలికొచ్చి, బోర్లించిన పెయింటు డబ్బా మీద తీరిగ్గా కూర్చున్నాడు. ఆ తీరిక ఎలియాస్‌కు నచ్చలేదు. ఇష్టపడి కొనుక్కున్న వస్తువు చెడిపోయిందంటే మనిషి కొంచెమైనా నొచ్చుకోవాలి కదా. వీడు డాక్టరు గారి పిలుపు కోసం కూర్చున్నవాడిలా ఉన్నాడు.

"అలా పేలిందనుకోండి. తప్పు ఎవరిదవుతుంది అంకుల్? కాల్చినవాడిదా, రిపేరు చేసినవాడిదా?"

ఎలియాస్ గేజిని తుడిచి పెట్టెలో పెట్టాడు. "రిపేరు చేసినవాడిదే," అన్నాడు చివరికి. "ఆర్మరర్‌దే. నంబరు చూసుకోవాల్సింది అతను."

"చూసుకోకపోతే?"

"చూసుకోకపోతే, దానికీ ఒక పద్ధతుంది. మా పెద్ద ఆర్మరర్ జనార్ధనరావు గారని ఉండేవారు. బాగుచేసినవాడే మొదటి తూటా కాల్చాలనేవారు. వండినవాడు ముందు తాను రుచి చూసి వడ్డించాలిరా అనేవారు. నేను రిపేరు చేసిన ఏ రైఫిలైనా నా భుజం మీద ఒకసారి పేలాకే ఇంకొకడి చేతికి వెళ్ళేది."

"ఏ రైఫిలైనా?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఎలియాస్ చెయ్యి అప్రయత్నంగా కుడి భుజం మీదికి పోయింది. రోహిత్ అది చూశాడు. చూసి లేచి వచ్చి, బల్ల మీది బోల్టును చేతిలోకి తీసుకున్నాడు.

"ఈ నంబరు మీద పెయింటు వేసింది నేనే అంకుల్. నంబర్లు కలవనిది వెతికి మరీ కొన్నాను, కొన్నప్పుడు పెయింటు లేదు. మీరు ఎప్పుడు తుడుస్తారో, తుడిచాక నాతో నిజం చెప్తారో లేదో చూద్దామని వేశాను. చెప్పారు. థ్యాంక్స్. ఇరవై ఏళ్ళ కిందట చెప్పుంటే ఇంకా బావుండేది."

ఎలియాస్ ఏదో అనబోయేలోగా ఇంట్లోకి వెళ్ళే తలుపు తెరుచుకుని విమలకుమారి రెండు కప్పుల టీ, ప్లేటులో ఉల్లిపాయ పకోడీలు పట్టుకుని వచ్చింది. మధ్యాహ్నం షిఫ్టుకు వెళ్ళడానికి యూనిఫాం వేసుకుని ఉంది.

"ఏం బాబూ, ఎప్పుడూ ఈ తుపాకీయేనా? ఆదివారం భోజనానికి రా. మీ నాన్నగారు వచ్చారంట కదా ఇండియా నుంచి, ఆయన్నీ తీసుకురా."

"తప్పకుండా ఆంటీ. నాన్నకు కూడా అంకుల్‌ని చూడాలని ఉంటుంది."

"పకోడీలు చల్లారకముందే తినండి. ఏవండీ, మీకే చెప్తున్నాను, ఆ కిరసనాయిలు చేత్తో ముట్టుకోకండి."

ఆవిడ వెళ్ళిపోయింది. కారు స్టార్టయి, వీధి మలుపు తిరిగి, చప్పుడు వినబడకుండా పోయేదాకా ఇద్దరూ పకోడీల వంక చూస్తూ నిలబడ్డారు.

"మీ నాన్నగారి పేరేంటి?" ఎలియాస్ అడిగాడు. జవాబు తెలిసే అడిగాడు.

"వీరరాఘవయ్య."

తేలు కుట్టిన దొంగలా ఎలియాస్ అలాగే బల్లకు ఆనుకున్నాడు. ఆ పేరు అతను ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా పైకి అనలేదు. ప్రార్థనలో కూడా అనలేదు, దేవుడికి పేర్లు చెప్పక్కర్లేదులే అనుకుని.

రోహిత్ జేబులోంచి మడత కాగితాలు తీసి బల్ల మీద పరిచాడు. "సమాచార హక్కు చట్టం వచ్చింది కదా, అప్లికేషన్ పెట్టి నాన్న ఎంక్వైరీ ఫైలు తెప్పించాను. ఫైరింగ్ ప్రాక్టీసులో రైఫిల్ వెనక్కి పేలి కానిస్టేబుల్ కుడి కన్ను పోయింది. కారణం, బారెల్ తుడిచిన గుడ్డను కానిస్టేబులే లోపల వదిలేశాడు. నిర్లక్ష్యం. నష్టపరిహారం లేదు, ఉద్యోగం లేదు. కింద ఆర్మరర్ సంతకం. ఇది మీదే కదా?"

అతనిదే. పొందికగా, తోక తిప్పి పెట్టిన సంతకం.

"ఇక్కడ చూడండి. ఎవరో గుమాస్తా బుద్ధిగా రెండు గళ్ళు గీసి రాశాడు. రైఫిల్ నంబరు ఒకటి, బోల్టు నంబరు ఇంకొకటి. రెండూ వేర్వేరు. ఇన్నేళ్ళలో ఈ రెండు గళ్ళనీ పక్కపక్కన పెట్టి చదివినవాడు లేడు. నేను మాత్రం ఏం తెలిసి చదివాను, ఇంటర్నెట్‌లో ఎవరో రెండూ ఒకటే ఉండాలని రాస్తే తెలిసింది. ఉగాది రోజు మీరు స్టేజి పక్కన త్రీ నాట్ త్రీ గురించి చెప్తుంటే, పేరు అడిగి, ఇంటికెళ్ళి ఈ సంతకం చూసుకున్నాను."

ఎలియాస్ కళ్ళు మూసుకున్నాడు. ఆ సాయంత్రం అంతా కళ్ళ ముందుకు వచ్చి నిలబడింది. మర్నాడు ఎస్పీ గారి ఇన్‌స్పెక్షన్, ఫైరింగ్ ప్రాక్టీసు. నలభై రైఫిళ్ళు. పని త్వరగా తెమలాలని నలభై బోల్టులూ ఊడదీసి ఒకే కిరసనాయిలు ట్రేలో వేశాడు. ఏ బోల్టు ఏ రైఫిల్‌దో నంబరు చూసి తిరిగి పెట్టాలి, పెడుతూనే ఉన్నాడు, చివరి పదింటికి వచ్చేసరికి వెలుతురు పోయింది. రిజిస్టరులో మాత్రం నలభైకీ పొద్దున్నే సంతకాలు పెట్టేసి ఉంచాడు. అది పోలీసు లైన్లలో అందరూ చేసే పనే, సాయంత్రానికి మర్చిపోకుండా. తొలి తూటాలు కాల్చడానికి తీరిక లేకపోయింది. మర్నాడు వీరరాఘవయ్య మోకాళ్ళ మీద పడి మొహం పట్టుకుని ఉంటే, ముందుగా పరిగెత్తుకుంటూ వెళ్ళింది ఎలియాసే. వెళ్ళి మనిషిని చూడలేదు, బోల్టు మీద నంబరు చూశాడు.

"నాకు అప్పటికి పెళ్ళయి ఎనిమిది నెలలు," అన్నాడు. "విమల కడుపుతో ఉంది. ఉద్యోగం పోతే రోడ్డు మీద పడతామని భయపడ్డాను. సిగ్గులేని భయం. గుడ్డ అని నోటికొచ్చింది, అన్నాను. ఆ తర్వాత వెనక్కి తీసుకోవడానికి ధైర్యం చాల్లేదు."

"ఉద్యోగం పోతే పోయింది, అమ్మ మిషను కుట్టి నన్ను చదివించింది. దానికి కాదు అంకుల్ నేను వచ్చింది." రోహిత్ కాగితాలు మళ్ళీ మడతపెట్టాడు. "మీరు రాసింది మా నాన్న నమ్మాడు. బారెల్ తుడిచి గుడ్డ తీసినట్టు ఆయనకు గుర్తుంది. కానీ పెద్దలు ఎంక్వైరీ చేసి రాశారు కదా, నాకే గుర్తులేదేమో అనుకున్నాడు. ఇప్పటికీ స్టవ్ కట్టేశాక మూడుసార్లు వెళ్ళి చూస్తాడు. నన్ను ఒక్కసారి కూడా సైకిల్ ఎక్కించుకోలేదు. నా చెయ్యి మంచిది కాదురా అనేవాడు."

కన్ను పోయిన సంగతి ఎలియాస్ ఇరవై ఏళ్ళుగా మోస్తున్నాడు. ఈ సైకిల్ సంగతి అతనికి తెలియదు. అదే ఎక్కువ బరువనిపించింది.

"ఏం చెయ్యమంటావు?"

"శనివారం నాన్నను క్లబ్బుకు తీసుకొస్తున్నాను. అందరి ముందూ అక్కర్లేదు, ఆయన ముందు నిలబడి, తప్పు నాది అని చెప్పండి. చెప్తే ఈ రైఫిల్ మీ చేతుల్లో పెట్టేసి వెళ్ళిపోతాను. తొమ్మిదింటికి షూటింగ్ మొదలు. మీరు రాకపోతే తొలి తూటా నేను కాలుస్తాను, ఇదే బోల్టుతో."

"నీకు మతి పోయిందా? క్లబ్బులో కార్డు లేకుండా ఏ రైఫిల్‌నీ కాల్చే లైను మీదికి రానివ్వరు."

ఆ మాటతో ఎలియాస్ చూపు బల్ల సొరుగు మీదికి పోయింది, రోహిత్ ఆ సొరుగు లాగాడు. అందులో పచ్చరంగు కార్డు ఉంది. క్లబ్బువాళ్ళు ఇచ్చేది అది, పాత రైఫిల్ దేన్నైనా పరీక్షించి క్షేమమని సంతకం చేసి ట్రిగ్గర్ దగ్గర కట్టాలి. దాని మీద 4471 నంబరు రాసి, కింద తోక తిప్పిన సంతకం పెట్టి ఉంది. రైఫిల్ వచ్చిన రోజే ఎలియాస్ నింపి పెట్టుకున్నాడు, చివర్లో మర్చిపోకుండా.

"చూడకుండానే సంతకం పెట్టేశారు," అన్నాడు రోహిత్. "ఫర్లేదు. మా నాన్న కూడా ఈ సంతకాన్నే నమ్మాడు."

బోల్టు రైఫిల్‌లోకి నెట్టి, కార్డు దారంతో కట్టి, సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఎలియాస్ ఆపలేదు. ఆపడానికి రెండు చేతులూ ఉన్నాయి, ఆ సమయానికి ఒక్కటీ పనిచేయలేదు.

శుక్రవారం ఫ్యాక్టరీకి సెలవు పెట్టి, రోజంతా కాలు కాలిన పిల్లిలా ఇంట్లో తిరిగాడు. క్లబ్బులో షూటింగ్ నడిపించే ట్రెవర్‌కు ఫోన్ చెయ్యాలని నాలుగుసార్లు రిసీవర్ ఎత్తాడు. ఆ రైఫిల్‌ను రానివ్వద్దు అంటే, మరి కార్డు మీద సంతకం నీదే కదా అని ట్రెవర్ అడుగుతాడు. ఆ ఒక్క ప్రశ్నకు భయపడి నాలుగుసార్లూ పెట్టేశాడు. కుర్రాడు కోపంలో అన్నాడు, నిజంగా కాలుస్తాడా ఏమిటి అని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. మనసుకు నచ్చిన అబద్ధం చెప్పుకోవడంలో అతనికి ఇరవై ఏళ్ళ సర్వీసు ఉంది మరి.

శనివారం పొద్దున లేచేసరికి హామిల్టన్ మొత్తం పొగమంచులో మునిగి ఉంది. ఎదురింటి లెటర్‌బాక్స్ కూడా కనబడటం లేదు. విమలకుమారి రాత్రి షిఫ్టు నుంచి ఇంకా రాలేదు. వచ్చాక అంతా చెప్తాను అనుకుని, ఆ మాట ఎక్కడ మర్చిపోతానోనని ఫ్రిజ్ మీది కాగితంపై రాసి, అయస్కాంతం పెట్టి మరీ బయల్దేరాడు. నీకు ఒక విషయం చెప్పాలి, వీరరాఘవయ్య గురించి. అంతే రాశాడు. ఆ పేరు రాయడానికి చెయ్యి అంత కష్టపడుతుందని అనుకోలేదు.

ఊరు దాటాక తన కారు ఇరవై మీద నడిపాడు. రోడ్డుకు అటూ ఇటూ ఆవులు ఉన్నట్టు చప్పుడు తప్ప ఆకారాలు లేవు. క్లబ్బు గేటు చేరేసరికి తొమ్మిది దాటి ఐదు నిమిషాలు. మంచు అప్పుడే పల్చబడుతోంది. గేటు దగ్గర రోహిత్ ఒక్కడే, చేతులు జేబుల్లో పెట్టుకుని రోడ్డు వంకే చూస్తూ నిలబడి ఉన్నాడు. ఎలియాస్ కారు చూడగానే అతని మొహంలో కోపం కాదు, ఊరట కనబడింది. పిచ్చి ధైర్యం చేసి దిక్కుతోచక నిలబడ్డ కుర్రాడి మొహం అది.

"వచ్చారా," అన్నాడు. "మీరు రాకపోతే ఏం చెయ్యాలో నాకే తెలియలేదు అంకుల్."

"చెప్తాను బాబూ. చెప్పడానికే వచ్చాను. రైఫిల్ ఎక్కడ?"

"లైను దగ్గర చాప మీద పెట్టాను. నాన్నను కారులో కూర్చోమన్నాను, చలిగా ఉందని."

ఇద్దరూ ఒకేసారి రోహిత్ కారు వంక చూశారు. కారు తలుపు తెరిచి ఉంది, లోపల ఎవరూ లేరు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆన్జాక్ రోజుల్లో ఆ క్లబ్బులో ఒక ఆచారం ఉంది. వచ్చినవాళ్ళలో ఒకప్పుడు యూనిఫాం వేసుకుని త్రీ నాట్ త్రీ మోసిన పెద్దవాడెవరైనా ఉంటే, ఆ రోజు తొలి తూటా ఆయనదే. నాన్న సాయుధ పోలీసులో పనిచేశాడని రోహిత్ పొద్దున్నే గొప్పగా ట్రెవర్‌తో చెప్పాడు. తొమ్మిదయింది, రోహిత్ లైను దగ్గర లేడు, రైఫిల్‌కు ఎలియాస్ సంతకంతో పచ్చకార్డు వేలాడుతోంది. ట్రెవర్ నేరుగా కారు దగ్గరికి వెళ్ళి, మర్యాదగా టోపీ తీసి, రమ్మని చెయ్యి చూపించాడు. భాష రాకపోయినా ఆ మర్యాద వీరరాఘవయ్యకు అర్థమైంది. ఆయనకు అలాంటిది దక్కి ఇరవై ఏళ్ళయింది.

పలచని మంచులో వంద అడుగుల అవతల, చాప మీద బోర్లా పడుకున్న మనిషి ఎలియాస్‌కు కనబడ్డాడు. మంకీ క్యాప్, కోటు, కాళ్ళు రెండూ పోలీసు పద్ధతిలో ఎడంగా చాచి ఉన్నాయి. కుడి కన్ను లేదు గనక రైఫిల్‌ను ఎడమ భుజానికి ఆనించాడు. ఎడమ చెంప కర్రకు తగిలి ఉంది. మిగిలిన ఆ ఒక్క కన్నూ బోల్టుకు జానెడు దూరంలో ఉంది.

"నాన్నా," అన్నాడు రోహిత్. ఆ మాట పక్కనున్న ఎలియాస్‌కే అందింది.

ట్రెవర్‌కూ, వరసగా నిలబడ్డ మిగతావాళ్ళకూ చెవులకు మఫ్‌లు ఉన్నాయి, ఎవరికీ ఏదీ వినబడదు. వీరరాఘవయ్యకు ఇచ్చిన మఫ్‌లు మాత్రం మంకీ క్యాప్ మీద నిలవక మెడలోకి జారిపోయి ఉన్నాయి. బోల్టు ముందుకు వెళ్ళిన చప్పుడు ఎలియాస్ విన్నాడు. పిడి కిందికి దిగిన చప్పుడూ విన్నాడు. అదే వెన్నలాంటి చప్పుడు. పరిగెత్తితే పది క్షణాలు. అంత సమయం లేదు.

అప్పుడు అతని నోటివెంట వచ్చింది తెలుగూ కాదు, ఇంగ్లీషూ కాదు. పరేడ్ మైదానంలో ఇద్దరి ఎముకల్లోనూ ఇంకిపోయిన హిందీ కేక అది, రైఫిల్‌లోంచి తూటా తీసెయ్యమని.

"ఖాళీ కర్."

చాప మీది మనిషి ఉలిక్కిపడి బిగుసుకుపోయాడు. చెంప కర్ర మీది నుంచి లేవలేదు, చూపు గురి మీది నుంచి తిరగలేదు. ఆ గొంతు ఎవరిదో పోల్చుకోవడానికి ఆయనకు ఒక్క క్షణం పట్టింది.

"ఎలియాస్ గారా?" అన్నాడు వీరరాఘవయ్య, తప్పు చేసి దొరికిపోయిన పిల్లవాడిలా. "మళ్ళీ గుడ్డ వదిలేశానా అండీ?"

ఆయన చెయ్యి వణకడం మొదలైంది. వేలు ఇంకా ట్రిగ్గర్ మీదే ఉంది.